లంగరు మర్యాద

వేలూరు వారికిని గుడియాత్తము వారికిని పడవల ముచ్చట యేల యని చదువరులు తలపవచ్చును. మన పాలారు ఏడాదిలో అధికకాలము ఇసుకయేరు. పలమనేరు సీమనుండి దిగి గుడియాత్తము నడుమ పారి పాలారులో కలియు కౌండిన్యనది, 2021 నవంబరులో వలె మోర్దానా జలాశయము నిండి పొరలినపుడు తప్ప, తన యునికిని గట్టిగా గుర్తుచేయదు. వేలూరి కోట కందకములో నీరున్నను అది నావలు లంగరు వేయు రేవు గాదు. ఐనను పడవవారు లంగరు వేయుటలో పాటించు మర్యాద యొకటి కలదు. సముద్రమునకు దూరముగా నున్న మనకు దానితో పని యెక్కువ. అన్యభాషవారి నడుమ ఇల్లు కట్టుకొని తరతరములుగా నిలిచిన కుటుంబములకు “ఎంత దగ్గర, ఎంత దూరము” అను ప్రశ్న నిత్యము ఎదురగుచుండును. నేలమీదివారి కంటె నీటిమీదివారు ఈ ప్రశ్నను శ్రద్ధగా విచారించిరి.

లంగరు తన బరువుచేతనే పడవను నిలుపునని సామాన్యముగా అనుకొందురు. బరువు చేయు పని కొంతయే. లంగరు కొమ్ము అడుగునగల బురదలోనో ఇసుకలోనో దిగి పట్టుకొనవలెను. మోకు లాగు బలము నిట్టనిలువున గాక అడుగు వెంబడి సాగవలెను. అందుకై నీటి లోతునకు 5 మొదలు 7 రెట్ల పొడవు మోకు విడుచుట వాడుక. ఇనుప గొలుసైనచో కొంత తక్కువ చాలును. మోకు పొట్టిదైనచో లంగరు పైకి లేచి పడవ జారిపోవును. తగినంత విడిచినచో పడవ నిలుచును గాని, గాలి మారినపుడెల్ల లంగరు చుట్టును తిరుగుచుండును. 10 అడుగుల లోతున 70 అడుగుల మోకు విడిచిన పడవ ఇంచుమించు 140 అడుగుల వెడల్పుగల వలయములో ఏ మూలనైనను ఉండవచ్చును. కనుక పడవ చోటనగా మన కంటికి పడవ కనబడుచున్న చోటు మాత్రమే కాదు. అది తిరుగగల వలయమంతయు దాని చోటే.

ఇందుండి పడవవారి మర్యాద పుట్టినది. ముందుగా లంగరు వేసినవానిది ఆ చోటు. వెనుక వచ్చినవాడు తన వలయము అతని వలయమునకు తగులకుండ చూచుకొని దిగవలెను. దిగుటకు ముందు ఆ పడవవారిని పిలిచి, “ఎంత మోకు విడిచినారండీ? లంగరు ఏ దిక్కున నున్నది?” అని యడుగవలెను, ఏలనన నీటి క్రింద నున్న లంగరు పరులకు కనబడదు. ముందటివాడును ఊరకుండరాదు. వచ్చినవాడు మరీ దగ్గరగా దిగుచున్నచో అప్పుడే చెప్పవలెను. చెప్పక మిన్నకుండి, అర్ధరాత్రి పడవలు ఒరసికొన్నపుడు కేకలు వేయుట మర్యాద గాదు. ఒరపిడి వచ్చినపుడు చోటు మారవలసినవాడు వెనుక వచ్చినవాడు. ఇక లంగరుపై నున్న నావ రాత్రివేళ తెల్లని దీపము వెలిగింపవలెననియు, పగలు నల్లని గుండును పైకెత్తి చూపవలెననియు 1972 నాటి అంతర్జాతీయ నియమావళి చెప్పుచున్నది. దీపమును శాసనము విధించినది. ఇరుగుపొరుగు పడవల నడుమ జరుగు తక్కిన వ్యవహారము చాలవరకు మాటమీదను మన్ననమీదను నడచుచున్నది.

నేలమీద ఈ బాధ లేదు. అక్కడ గీత గీయవచ్చును. మన సీమలో గీతలకు కొదువ లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటునుండి ఆవలికి పోయెను. వేలూరు, గుడియాత్తము ఈవల నిలిచెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మనము మద్రాసు రాష్ట్రమున ఉండిపోతిమి. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ నిర్ణయము ననుసరించి సరిహద్దు మరల సవరింపబడి తిరుత్తణి ప్రాంతము ఇటు వచ్చెను. ప్రతి గీతయు ఒక తగవును తీర్చెను. కాని గీతకు ఈవల మిగిలినవారు పొరుగువారితో ఎట్లు మెలగవలెనో ఏ గీతయు చెప్పలేదు. సర్వేరాయి పొలమునకు హద్దు చూపును. వాకిట ఎదురైన మనుష్యునితో ఎట్లు మాటాడవలెనో చూపలేదు. నీటిమీది రాత నిలువదని మన పెద్దలు చెప్పిన మాట పడవవారికి అనుభవమే. అందుచేతనే వారు గీత చేయవలసిన పనిని మర్యాదచేత చేయించుకొనిరి. ఒకే వీధిలో కాపురమున్న రెండు భాషల కుటుంబముల నడుమ కూడ గీత గీయుట సాధ్యము గాదు. ఆ విధముగా మనమందరము నీటిమీదనే యున్నాము.

మనకు ఈశాన్యమున, సముద్రతీరమున, ఇందుకు ప్రత్యక్షసాక్ష్యము కలదు. చిలికా తరువాత మన దేశమున పెద్దదైన ఉప్పునీటి సరస్సు పులికాటు. దానిలో అధికభాగము ఆంధ్రప్రదేశమునకును, దక్షిణపు కొస తమిళనాటికిని చెందినవి. పటముమీద రెండు రాష్ట్రముల నడుమ గీత యున్నది, నీటిమీద లేదు. చేప ఆ గీతను ఎరుగదు. దాని వెంబడి పోవు పడవ కూడ పలుమారు ఎరుగక దాటును. వలలను గూర్చియు హద్దులను గూర్చియు తెలుగు బెస్తలకును తమిళ బెస్తలకును తగవులు రాకపోలేదు. ఐనను అక్కడి తమిళ పల్లెలలో “పాడు” అను పురాతన కట్టుబాటు నడచుచు వచ్చినది. ఆ మాట తెలుగు చెవికి అశుభముగా వినబడును గాని, అక్కడ దాని యర్థము వల వేయు చోటు. రొయ్యలు మెండుగా దొరకు చోట్లు కొన్నియే యగుటచేత, చీటీలు వేసి వంతులు పంచుకొందురు. నేడు మంచి చోట వల వేసినవాడు రేపు ఆ చోటును మరియొకనికి విడిచిపెట్టును. చోటుపై మమకారము తగ్గుటకును, పొరుగువానిపై నమ్మకము నిలుచుటకును ఇది మంచి యుపాయము.

కాని ఈ కట్టుబాటును పొగడి ఊరకుండిన సత్యము సగమే చెప్పినవారమగుదుము. వంతులపట్టీలో పేరున్నవారి నడుమ అది న్యాయముగా నడచినది. పట్టీలో పేరు లేని పల్లెలవారు, ఇతర కులములవారు, “మా చోటేది?” అని యడిగిరి, అందుపై కలహములు పుట్టెను. ముందు వచ్చినవారి మర్యాద ముందు వచ్చినవారికే పరిమితమైనపుడు అది మర్యాద వేషము ధరించిన కోటగోడ. కావున ప్రశ్నకు రెండు ముఖములు గలవు. వెనుక వచ్చినవాడు ముందటివానికి ఎంత యెడ మీయవలెను? ముందు వచ్చినవాడు వెనుకటివానికి ఏమి బాకీపడియున్నాడు?

వేలూరిలో ముందెవరు, వెనుకెవరు అను విచారణ మొదలిడిన తెమలదు. ఈ కోట విజయనగర ప్రభువుల కాలపు కట్టడము. చిన్న బొమ్మనాయకుడు ఇచ్చట ఏలెను. ఆయన తమిళదేశపు మహావిద్వాంసుడైన అప్పయ్యదీక్షితులను ఆదరించెను. తరువాత చంద్రగిరి వేలూరులు అరవీటివారికి రాజధానులయ్యెను. దీనిని చెప్పుకొని మనవారు కొందరు గర్వింతురు. కాని పడవల లెక్కలో పూర్వము ఈ రేవునకు మన ఓడ యొకటి వచ్చెననుట నేటి చోటునకు హక్కు గాదు. ఏలిన వంశము వేరు. మగ్గము చేతబట్టి, నాగలి చేతబట్టి, ఉద్యోగము చేతబట్టి వచ్చి స్థిరపడిన మన కుటుంబములు వేరు. అనేక శతాబ్దములుగా తమిళము మాటాడుచున్న ఊరిలో మనము వెనుక లంగరు వేసినవారమని యొప్పుకొనుటలో చిన్నతనము లేదు. వెనుక వచ్చినవానికి ఒక కర్తవ్యము కలదు గాని, అవమానము లేదు.

ఆ కర్తవ్య మేది? పొరుగుపడవ ఎట్లు తిరుగునో తెలిసికొనుట. గాలి నిలకడగా నున్నంతసేపు రేవులోని పడవలన్నియు ఒకే దిక్కునకు ముఖము పెట్టి నిలుచును. అప్పుడు చాల దగ్గరగా నున్నను చిక్కు లేదు. గాలి పడిపోయి పోటు పాటునకు తిరుగు గడియయే పరీక్ష. లోతుగా మునిగిన నావ నీటి ప్రవాహమునకు లోబడును. తేలిక దోనె గాలికి లోబడును. రెండును వేర్వేరు దిక్కులకు తిరుగును. మనుష్యుల విషయమును ఇంతే. పెండ్లిలోను పండుగలోను తెలుగిల్లు, తమిళపుటిల్లు ఒక్క తీరుగనే యుండును. భాషను గూర్చిన వాదము లేచిన దినమున మాత్రము పొరుగువాని మనస్సు ఏ లోతునుండి కదలునో తెలియకున్నచో తాకిడి తప్పదు. తమిళమును బజారు బేరమునకు సరిపడునంత మాత్రమే నేర్చినవానికి ఆ లోతు తెలియదు. కనుక తమిళమును చక్కగా చదువుట మన భయమునకు గుర్తు గాదు; లంగరు వేయుటకు ముందు పొరుగుపడవవానిని పలుకరించుట వంటిది.

“ఐనచో మీరు రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవారు” అని యిరువైపులవారును మనలను ఎగతాళి చేయుట కలదు. ఈ సామెత కదలు పడవలకు వర్తించును. తన పడవలో తాను నిలిచి, పొరుగుపడవ వలయమును ఎరిగి మెలగువానికి వర్తించదు. తన పడవ విడిచి పొరుగుపడవలోనికి దూకినవాడును మర్యాద పాటించినవాడు కాడు. అతడు తన పడవను దిక్కులేనిదానినిగా నీటిపై వదలినాడు. దిక్కులేని పడవ రేవులో నున్న అందరికిని అపాయమే.

ఇచట మోకు మాట మరల వచ్చుచున్నది. ఇంటిలో తెలుగు మాటాడుట, పిల్లలకు అక్షరములు నేర్పుట, తెలుగులో ఒక ఉత్తరము వ్రాయగల శక్తి నిలుపుట, ఇవి మన మోకు. మన పిల్లలు పలువురు తెలుగు మాటాడుదురు గాని చదువలేరు. ఇది పొట్టి మోకు. చిన్నగాలికి నిలుచును, పెద్దగాలికి లంగరు లేచును. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతులు కల్పించు యత్నము చేయవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ యధికరణము ఉన్నను, పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించు పని శాసనముది గాదు. దీనికి మారుగా, మోకు అతిగా విడుచువారును కలరు. సభలోను వీధిలోను తమ వైభవమునే చాటుచు, పొరుగువారి భాషను చులకనచేసి మాటాడువారి పడవ ఇతరుల వలయములలోనికి చొచ్చుకొనిపోవును. లోతు నెరిగి మోకు విడువవలెను.

ఇక ముందటివాని కర్తవ్యము. అతడు ముందుగా, స్పష్టముగా, సకాలమున చెప్పవలెను. 2006 నాటి చట్టముచేత తమిళనాట ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట ఒక్కొక్క తరగతికి తమిళము నిర్బంధ పాఠ్యవిషయ మయ్యెను. ఈ నేల భాషను ఈ నేలపై పెరుగు పిల్లలందరు నేర్వవలెననుటలో తప్పు లేదు. కాని ఆ క్రమము పదవ తరగతిని చేరు నాటికి, తమ మాతృభాషలో పరీక్ష వ్రాయనిండని అల్పసంఖ్యాక భాషల పిల్లలు న్యాయస్థానముల మెట్లు ఎక్కవలసి వచ్చినది. ముందటివాడు తన వలయమెంతయో చెప్పి, వెనుకటివాని వలయమెంతయో అడిగి యుండిన ఇది ఇంత దూరము రాకపోవును. చెప్పుటతోపాటు అడుగుటయు పెద్ద పడవకు ధర్మమే. పెద్ద పడవ ఒరసిన చిన్న పడవకే గాయము గదా.

ఇంతవరకు ఎడమును పొగడితిమి. ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణ కలదు. మన దేశమున ఎడము పాటించుటయను మాటకు చెడ్డ చరిత్ర యున్నది. బావివద్ద ఎడము, గుడివద్ద ఎడము, పలకరింపులో ఎడము. కోట్లకొలది మనుష్యులను ఆ యెడము నలిపివేసినది. పడవల యెడమును మెచ్చుకొనుట దానికి మెరుగుపెట్టుట కాదా? కాదనుటకు కారణము స్పష్టము. పడవల నడుమ ఎడము ఇద్దరికిని సమానముగా వర్తించును. ఇద్దరును ఒకే రేవువారు. అది ఎవడు ఎవనికి తక్కువయని యడుగదు. మోకెంత, లోతెంత యని మాత్రమే యడుగును. అంటరానితనపు ఎడము ఒకనిని రేవులోనికే రానీయనిది. మొదటిది ఇద్దరును క్షేమముగా తిరుగుటకు విడిచిన చోటు. రెండవది ఒకనికి అసలు చోటే లేకుండ చేయుట.

అతి సాన్నిహిత్యమును క్షేమము గాదనుటకు ఇటీవలి యుదాహరణము కలదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నపు చేపలరేవులో ఒక పడవలో పుట్టిన మంట, ఒకదాని ప్రక్క నొకటిగా కట్టియున్న ఇతర పడవలకు ప్రాకి ముప్పదికి పైగా పడవలను దహించెను. మొదట అంటుకొన్న పడవను తాడు విడిచి నీటిలోనికి త్రోసిరనియు, గాలి దానిని తిరిగి గట్టుకడకే తెచ్చెననియు నాటి వార్తలలో వచ్చినది. అడుగు చోటులేని రేవులో ఆ క్షణమున ఆ బెస్తలు మరేమి చేయగలరు? వారిని తప్పు పట్టరాదు. కాని ఆ దృశ్యము మనకొక పాఠము. ఎడము ప్రశాంతమైన దినమున ఏర్పరచుకొనవలసినది. మంట లేచిన తరువాత పొరుగువానిని దూరముగా త్రోసివేసిన అది మన యొడ్డునకే తిరిగివచ్చును.

ఆపద కలిగినపుడు ఎడపు లెక్క మారును. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఇందుకు తార్కాణము. అంతకు ముందటి రాజులు, గాలివానకు దారితప్పి తమ తీరమున పడిన ఓడల సరకునంతయు బలవంతముగా గైకొనుచుండిరి. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, వాడుకసుంకము మాత్రమే తీసికొందునని పరదేశపు వర్తకులకు మాట యిచ్చెను. గాలివాన తెచ్చినవాడు శత్రువు గాడు, దోపుడు సొమ్మును గాడు, అతిథి. ఏడు శతాబ్దములు దాటినను ఆ మాట తెలుగువారి మర్యాదకు గీటురాయి.

“ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అని మనవారందురు. తమిళుల యెదుట వెనుక వచ్చిన మనము, మరికొందరి యెదుట ముందు వచ్చినవారము. ఈడా స్కడర్ 1900లో ఒక్క మంచముతో వేలూరిలో ప్రారంభించిన వైద్యశాల నేడు దేశమంతటికిని పేరెన్నిక గన్నది. చిత్తూరు, అనంతపురము సీమలనుండియు, దూరపు వంగదేశమునుండియు రోగులును వారి బంధువులును వచ్చి, వారములు నెలలు ఇచ్చట లంగరు వేయుచున్నారు. వారిది గాలివాన వలన తప్పని లంగరు. చీటీ ఎక్కడ వ్రాయింతురో, నమ్మదగిన అద్దెగది ఎక్కడ దొరకునో, డాక్టరుగారి మాటకు అర్థమేమో తెలియక వారు తికమకపడుదురు. ముందు లంగరు వేసినవాడు నోరు విప్పి చెప్పవలెనను సూత్రము ఇచ్చట మనకే వర్తించును. “మా ఊరు నిండిపోయినది” అని విసుగుకొనుట, ముందటివాడు మౌనముగా నుండి తరువాత కేకలు వేయుట వంటిది.

ఇంతకంటె దగ్గరి బాకీ యొకటి కలదు. తమిళనాట ఇంటిలో తెలుగు మాటాడు అరుంధతీయులు లక్షలకొలది కలరు. 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూలు కులముల వాటాలో వారికి 3 శాతము ప్రత్యేకించినది. ఊరి మురికిని ఎత్తు పని తరతరములుగా వారిపై మోపబడినందున, ప్రభుత్వము చేసినది న్యాయమే. భాషాభిమానము గల మన సంఘములు వారికేమి చేసినవి? ఉగాది పచ్చడి పంచు పందిరిలో వారి పిల్లలు ఎందరు కూర్చుండుచున్నారు? తెలుగు నశించుచున్నదని వాపోవు మనము, ఆ యిండ్లలో తెలుగు ఏ శిక్షణయు లేకనే బ్రతికియున్నదని గుర్తించినామా? తెలుగువాడు తెలుగువానికి రేవు మూసివేసి, తమిళులు తనకు చోటు సరిగా ఇచ్చుటలేదని ఫిర్యాదు చేయుట ధర్మము గాదు. ఈ ప్రశ్నను మన సంఘములు తమ సర్వసభ్య సమావేశమున ముందుగా తీసికొనవలసి యున్నది.

చివరగా దీపము. లంగరుపై నున్న నావ దీపము వెలిగించుట తన గొప్పను చాటుటకు గాదు. చీకటిలో వచ్చువాడు తాకకుండుటకు. అల్పసంఖ్యాకులలో కొందరు దీపము ఆర్పుటయే వివేకమనుకొందురు. పేరులో, మాటలో, ఇంటి వాకిట తెలుగు కనబడనీయరు. దీపము లేని పడవ వినయముగల పడవ కాదు, అపాయకరమైన పడవ. ఎదుటివాడు దాని ఉనికి నెరుగక తాకి, తరువాత తన తప్పేమియని యడుగును. గ్రంథాలయములో ఒక తెలుగు బీరువా, వారమున కొకమారు పిల్లలకు అక్షరాభ్యాసము, పొరుగు తమిళులను పిలిచి కూర్చుండబెట్టు ఒక సభ, ఈపాటి వెలుగు చాలును. మనము ఇచ్చట నున్నామనియు, ఇంత వలయములో తిరుగుదుమనియు, మీ వలయము మాకు తెలియుననియు ఆ దీపము చెప్పవలెను. ఈ మూడును తెలిపిన పడవకు రేవులో శత్రువులు అరుదు. గాలి ఎటు తిరుగునో ఎవరికిని తెలియదు; మోకు చూచుకొనుటయు, దీపములో నూనె పోయుటయు మన చేతిలో నున్నవి.